మోకాలి చుట్టుకొలత

బఫలోలో జనవరి నెల, పొద్దున్న తొమ్మిది దాటింది. బాస్కెట్‌బాల్ క్లబ్బు వైద్యపు గదిలో బల్ల మీద కోర్డెల్ పెటవే కూర్చున్నాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, మోకాలు దెబ్బతిని ఏడాదిగా ఆట మొహం చూడలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ మోకాళ్ళను సాకుతున్న క్లబ్బు ఫిజియో బెర్నిస్ కుబియాక్, అతని నోట 'మిస్ బీ', టేపు పట్టుకుని అతని ముందు స్టూలు మీద కూర్చుంది. పదకొండింటికి లీగు డాక్టరు ఆ మోకాలిని చూసి, ఇది ఇంక ఆడుతుందో ఆడదో తేల్చేస్తాడు. కోర్డెల్‌కి కావలసింది ఆడుతుంది అన్న ఒక్క మాటే.

"ఎంత? చెప్పు, ఎంత?"

"కదలకు. కదిలితే మళ్ళీ మొదట్నించీ కొలవాలి."

"మిస్ బీ, ఊపిరి బిగబట్టి కూర్చున్నా ఇక్కడ."

"ఊపిరి తీసుకో. నీ మోకాలేం ఊపిరి తియ్యదు. ఆఁ... నలభై ఒకటిన్నర."

"నలభై ఒకటిన్నర! కుడిదెంతన్నావు?"

"నలభై ఒకటి."

"అర సెంటీమీటరు! అర సెంటీమీటరే తేడా! చూశావా? చూశావా?"

"అరవకు. పక్క గదిలో వాళ్ళు కట్లు కట్టించుకుంటున్నారు."

"వాళ్ళనీ విననీ. మేలో ఎంతుంది?"

"గోడ మీద రాసుంది కదా, చదువుకో."

"నీ నోట వినాలని."

"నలభై నాలుగు."

"నలభై నాలుగు నించి నలభై ఒకటిన్నరకి. ఎనిమిది నెలల్లో. కత్తి పెట్టకుండా. మిస్ బీ, నీ రెండు వేళ్ళకీ ముద్దు పెట్టాలి."

"ఏ రెండు వేళ్ళు?"

"మోకాలి చిప్ప కింద రెండు వేళ్ళు ఆనించి, దాని కింద టేపు చుడతావే, ఆ వేళ్ళు. ఇంకెవరూ అలా కొలవగా చూళ్ళేదు."

"ఎవరి పద్ధతి వాళ్ళది."

"ముందు నువ్వూ చిప్ప మీదే కొలిచేదానివి కదా?"

"అప్పుడు కుట్లున్నాయి. కాలు చాపు."

"మరి ఇక్కడ, చిప్ప పైన, ఇదిగో, కొంచెం ఉబ్బెత్తుగా లేదూ?"

"కండ."

"కండేనా?"

"కండేరా. ఏడాదికి తొడ మళ్ళీ కండ పడుతోంది. సంతోషించక దాన్నీ అనుమానిస్తావేం?"

"అనుమానం కాదు. నువ్వు కండంటే కండే. మా ఏజెంటు మాట విని ఉంటే, ఇవాళ్టికీ చంకలో కర్రలే నాకు."

"ఆ సంగతిప్పుడెందుకు?"

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? మే చివర్లో కొలరాడోలో ఆ సర్జను ఏమన్నాడు? 'మళ్ళీ కోయాలి, పద్నాలుగు నెలలు పడుతుంది, కానీ ఆడతావు' అన్నాడు. పద్నాలుగు నెలలే! నేను బెదిరిపోయి నీ దగ్గరకొచ్చా. నువ్వు టేపు తీసి చూపించావు. 'తగ్గుతోంది, కత్తెందుకు' అన్నావు. మా ఏజెంటు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. 'ఆవిడ క్లబ్బు మనిషిరా' అంటాడు. 'క్లబ్బు మనిషి కాదు, మా మిస్ బీ' అన్నాను. ఫోను పెట్టేశాడు."

"లే. ఆ చెక్క పెట్టె ఎక్కు."

"థాంక్స్ చెప్తుంటే వినవేం?"

"వింటున్నా. పెట్టె ఎక్కి ఎడమ కాలు మీద నిలబడు, కుడి కాలు నేలకి దింపు. నెమ్మదిగా. పదిహేను. లెక్క నేను పెడతా."

"ఒకటి నేనే అంటా. ఒకటి."

"రెండు. ముందుకి వంగకు. మూడు. మాట్లాడుతూ చెయ్యి, నొప్పి తెలీదు."

"నొప్పేం లేదు."

"మంచిదే. మరి ఈ డాక్టరు పరీక్ష రూలేంటో నాకోసారి చెప్పు. పైఅంతస్తు వాళ్ళు చెప్తుంటే నాకు నిద్రొస్తుంది. నాలుగు."

"ఏముంది అందులో? ఏడాదికి జీతాల కింద ఇంతే ఇవ్వాలని లీగు ప్రతి క్లబ్బుకీ ఓ గీత గీసింది. గీత దాటితే కొత్తవాణ్ణి తెచ్చుకోనివ్వరు. పైగా జరిమానా. నా జీతం ఏడాదికి కోటీ తొంభై లక్షల డాలర్లు. ఇంకా రెండేళ్ళుంది. నేను ఆడినా, ఆడక ఇలా పెట్టెలెక్కి దిగుతున్నా, అది ఆ గీత కింద సోఫా అంతా ఆక్రమించిన లావుపాటి మావయ్యలా కూర్చునుంటుంది."

"ఎనిమిది. నువ్వు లావేంట్రా, ఎముకల గూడు."

"నా జీతం లావు. ఆ మావయ్యని లేపాలి వాళ్ళకి. దారి ఒక్కటే. ఆడక ఏడాది నిండాలి. అప్పుడు లీగు డాక్టరు చూసి 'ఈ మోకాలు ఈ జన్మలో ఆడదు' అని రాయాలి. రాస్తే నా జీతం లెక్కలోంచి తీసేస్తారు. నాకివ్వాల్సింది సెంటుతో సహా ఇస్తారు. లెక్కలో మాత్రం నేనుండను. ఆ ఖాళీలో ఫిబ్రవరిలోపు ఇంకోణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. పొద్దున్న రేడియోలో వాడి పేరు కూడా చెప్పేశారు. నా కాలింకా డాక్టరు చూడనేలేదు, నా కుర్చీలో ఎవడు కూర్చుంటాడో ఊరంతా పందేలేసుకుంటోంది."

"పదిహేను. ఊపిరి పీల్చుకో. రెండోది మొదలెట్టు."

"ఇందులో తమాషా ఒకటుంది. నేను కొలరాడో వెళ్ళి కోయించుకునుంటే, ఇవాళ డాక్టరు చూసేవాడే కాదు. మానుతున్న కాలికి తీర్పు చెప్పకూడదంట. మానేదాకా ఆగాల్సిందేనంట. నాకేంలే. నాది మానిన కాలు."

"ఆరు. వంగకు."

"ఆరేనా? ఏడనుకున్నా."

"ఏడు. డబ్బొస్తుందిగా కోర్డెల్. ఎటు పోయినా డబ్బొస్తుంది. ముప్పై ఒకటికే కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. ఈ ఊళ్ళో మంచు ఎత్తిపోసేవాణ్ణడుగు, ఎంత మంది ఆ అదృష్టం కోసం చూస్తున్నారో చెప్తాడు."

"అందరూ అదే అంటారు. మా అమ్మ అదే అంటుంది, పాస్టరు అదే అంటాడు. నువ్వూ అనకు."

"అనలేదు. తొమ్మిది."

"మా పాప నైలా బళ్ళో చేరింది కదా. మీ నాన్నలు ఏం చేస్తారో చెప్పమని అడిగారంట టీచరు. ఒకడేమో మా నాన్న మంటలార్పుతాడన్నాడంట. ఒకడు మా నాన్న లారీ నడుపుతాడన్నాడు. ఇదేమందో తెలుసా?"

"ఏమంది?"

"'మా నాన్న ఐస్ పెట్టుకుంటాడు' అందంట."

"పది."

"నవ్వవేం? టీచరు నవ్వింది. నేనూ నవ్వా. బయటికొచ్చి కార్లో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేకపోయా. దానికి తెలిసినంతలో నేనంటే ఈ కాలూ, ఈ ఐస్ సంచీ. నేను దెబ్బ తిన్నప్పుడు దానికి నాలుగేళ్ళు. ముందు చూసిందేదీ గుర్తు లేదు దానికి."

"పదిహేను."

"ఒక్కసారి చూడాలది నన్ను. ఒక్క ఆట. ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్ళో, నన్నెవరు తీసుకుంటే వాళ్ళ బెంచి చివర కూర్చుంటా. నాలుగు నిమిషాలు ఆడిస్తే చాలు. పైన గ్యాలరీ మెట్ల మీద నించుని అది చూస్తుంది. నాలుగు నిమిషాలు, మిస్ బీ. నేనేం ఎక్కువ అడగట్లేదు కదా?"

"లేదు."

"సరే, రెండు సెట్లయ్యాయి. ఐస్ పెట్టు."

"ఇంకోటి చెయ్యి."

"మూడోదా?"

"ఊఁ."

"ఏంటీ? 'రెండు సెట్లు, తర్వాత ఐస్, మూడోది చేస్తే కాలు విరగ్గొడతా' అని తొమ్మిదేళ్ళు నా బుర్ర తిన్నది ఎవరు?"

"ఇవాళ డాక్టరు చేయిస్తాడు. అక్కడికెళ్ళి కొత్తగా మొదలెట్టే బదులు కాలు ముందే అలవాటు పడాలి."

"ఇదేదో బాగుంది. పరీక్షకి ముందు చదువు. సరే కానీ."

"ఒకటి. రెండు. ఇంకా కిందకి. మడమ పూర్తిగా ఆనాలి. మూడు."

"స్టాన్ ఎలా ఉన్నాడు?"

"ఎవరు?"

"మీ ఆయన, మిస్ బీ! మీ ఆయన పేరు మర్చిపోయావా?"

"బానే ఉన్నాడు. ఆరు."

"చేతులు వణకడం తగ్గిందా?"

"ఇంజెక్షన్ పడిన నెల తగ్గుద్ది. ఏడు."

"ఈ వేసవికి మా పడవ మీద తీసుకురా. సరస్సులో చేపలు పడదాం. గాలానికి ఎర నేను గుచ్చిపెడతా."

"తొమ్మిది. మాట్లాడకు, లెక్క తప్పుతోంది."

"ఇందాక మాట్లాడుతూ చెయ్యమన్నావు!"

"ఇప్పుడు మాట్లాడకు."

"సరే సరే... పన్నెండు... పదమూడు... అబ్బా."

"ఏం?"

"సలుపుతోంది."

"సలపనీ. రక్తం పారుతోంది. పదిహేను. నాలుగోది."

"మిస్ బీ, నాలుగా?"

"డాక్టరు నాలుగు చేయిస్తాడు. ఎవరికైనా నాలుగే."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. ఒకటి."

"...నీ మాట మీదే చేస్తున్నా. ఇంకెవరు చెప్పినా పెట్టె తన్నేసేవాణ్ణి."

"నాకు తెలుసు నాయనా. రెండు."

"...పదిహేను! చాలా? ఇంకేం లేవు కదా? ఐస్ పెట్టు, మోకాల్లో బంతి దూరినట్టుంది."

"పడుకో. కాపడం పెడతా."

"వేడా?"

"వేడి పెడితే కీలు సాగుద్ది. డాక్టరు వంచి చూసినప్పుడు పట్టెయ్యదు."

"తర్వాత ఐస్ పెడతావా?"

"ఐస్ లేదు. మెషిన్ పాడైంది."

"ఎప్పుడు?"

"రాత్రి. బాగుచేసేవాడు మధ్యాహ్నం వస్తాడంట."

"బఫలోలో, జనవరిలో ఐస్ లేదంటే ఎవరైనా నవ్వుతారు! కిటికీలోంచి చూడు, నా నడుందాకా పడింది మంచు. బకెట్టిలా ఇవ్వు, నేనే తెస్తా."

"మూలుగుతూ ఎక్కడికెళ్తావు? అందులో ఉప్పూ మట్టీ కలిసుంటాయి. పడుకో. తలుపెవరో కొడుతున్నారు."

"రండి, లోపలే ఉన్నాం! ఓహో, ఎవరనుకున్నా. పైఅంతస్తులో జీతాల లెక్కలేసే కిర్బీ గారు! కిందకి దిగే దారి కూడా తెలుసన్నమాట."

"ఏం కోర్డెల్ అన్నా, ఎలా ఉన్నావు? ఊరికే పలకరిద్దామని. పెద్దరోజు కదా ఇవాళ."

"నీకా, నాకా?"

"అదేం మాట అన్నా! డాక్టరు ఏం రాసినా నీ డబ్బుకి ఢోకా లేదు. సెంటు తగ్గదు. ఆ పూచీ నాది."

"డబ్బు సంగతి నేనడిగానా?"

"అడగలేదనుకో. అయినా చెప్పడం నా ధర్మం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే కారు పదింపావుకి వస్తుంది. రోడ్లన్నీ మంచు, కొంచెం ముందే బయల్దేరాలి. మిసెస్ కుబియాక్, అంతా అనుకున్నట్టే అవుతోందా?"

"అవుతోంది కిర్బీ గారూ."

"ఏంటి అనుకున్నట్టు? ఏమనుకున్నారు?"

"ఏముందన్నా, నిన్ను సుఖంగా ఉంచాలనే. కాపడం పెట్టారుగా, బావుంది బావుంది."

"నీ చేతిలో ఏంటది గలగలమంటోంది?"

"కాఫీ అన్నా. నాకు చలికాలమైనా చల్ల కాఫీయే. మా ఆవిడ తిడుతుంది. నీళ్ళగదిలో మీ మెషిన్నించి గ్లాసు నిండా ఐస్ పోసుకున్నా. ఏమనుకోకండి. మీదే మంచి ఐస్, చిన్న చిన్న ముక్కలు పడతాయి. అన్నట్టు మిసెస్ కుబియాక్, స్టాన్ గారెలా ఉన్నారు? ఈ నెల ఇంజెక్షన్ కాగితాలు పైకొచ్చాయి. నేనే దగ్గరుండి సంతకం పెట్టించా. మీరేం బెంగ పెట్టుకోకండి. వస్తా అన్నా. ఆల్ ది బెస్ట్!"

"మిస్ బీ."

"కాలు చాపు. కాపడం జారుతోంది."

"అతని గ్లాసులో ఏముంది?"

"కాఫీ."

"కాఫీలో? మెషిన్ పాడైందన్నావు."

"బాగైందేమో."

"బాగుచేసేవాడు మధ్యాహ్నం వస్తాడన్నావు."

"కోర్డెల్, పడుకో."

"పడుకోను. తియ్యి ఈ కాపడం. తియ్యమంటున్నానా! నాలుగు సెట్లు. తర్వాత వేడి. ఐస్ లేదు. నువ్వు నాకు తొమ్మిదేళ్ళుగా చెయ్యొద్దు చెయ్యొద్దన్నవన్నీ గంటలో చేయించావు. నా మోకాలు వాయిస్తున్నావా నువ్వు?"

"అరవకు."

"డాక్టరు చూసేసరికి వాచిపోయి ఉండాలి. అంతేనా? అనుకున్నట్టే అవుతోందంటే ఇదేనా?"

"నీ మంచి కోసమేరా. ఆ కాలితో మళ్ళీ ఆడితే నలభై ఏళ్ళకి మెట్లెక్కలేవు. నీ కూతుర్ని భుజాన..."

"నా కూతురి ఊసెత్తకు. నా మంచికే అయితే పొద్దున్నే నా మొహం మీద చెప్పేదానివి. నా మంచి కోసం నువ్వెప్పుడూ గొంతు తగ్గించలేదు. ఇవాళ గదిలోకొచ్చినప్పట్నించీ నా కళ్ళలోకి చూళ్ళేదు నువ్వు. చెప్పు."

"స్టాన్ ఇంజెక్షన్ నెలకి పద్నాలుగు వేల డాలర్లు. బీమా క్లబ్బుది. నాకు అరవై ఒకటి. ముసలివాళ్ళకిచ్చే సర్కారు బీమా రావాలంటే ఇంకో నాలుగేళ్ళుండాలి నేనిక్కడ. కిర్బీ ఎప్పుడూ బెదిరించలేదు. ఒక్క మాట కూడా అన్లేదు. స్టాన్ ఎలా ఉన్నాడని అడుగుతాడు, అంతే. వచ్చినప్పుడల్లా అడుగుతాడు."

"నన్నడగచ్చుగా! నెలకి పద్నాలుగు వేలు! నాకదెంత మిస్ బీ? నా పడవకి అంతకన్నా ఎక్కువ తగలేస్తా. ఒక్క మాట అడిగుంటే నాలుగేళ్ళవీ ఒక్కసారే నీ చేతిలో పెట్టేవాణ్ణి కదా!"

"పెట్టేవాడివి. నాకు తెలుసు."

"మరి?"

"తొమ్మిదేళ్ళుగా నీ కాళ్ళు పట్టుకున్నా, అది నా పని. డబ్బు కోసం పట్టుకోవాలంటే మనసొప్పలేదు."

"నా దగ్గర చెయ్యి చాపడం కన్నా నా మోకాలు వాయించడమే నయమనిపించిందా? ఏడవకు. ఏడవకంటే! మిస్ బీ, ఇటు చూడు. టైమెంత?"

"పది... పదికి పది తక్కువ."

"డాక్టరు పదకొండింటికి. ఇంకా గంటుంది. పొద్దున్న నలభై ఒకటిన్నరున్న కాలు. గంటసేపు ఐస్ పెడితే మళ్ళీ దిగుతుంది. కార్లో కూడా పెట్టుకుంటా. కిర్బీకి మన మాటలేమీ చెప్పకు. అడిగితే వాయించానని చెప్పు, దిగిపోయిందని చెప్పు, మొండి కాలని చెప్పు. స్టాన్ సంగతి నేను చూసుకుంటా. ఐస్ తే."

"దిగదు కోర్డెల్."

"దిగుతుంది. నీ దగ్గర నేర్చుకున్నదే."

"దిగదు నాయనా."

"ముందు కొలువు. ఎంత పాడు చేశావో చూద్దాం. టేపు తియ్యి."

"వద్దు."

"కొలవమంటున్నా!"

"కదలకు."

"వేళ్ళు పెట్టలేదేం?"

"డాక్టరు వేళ్ళు పెట్టడు."

"మరెక్కడ కొలుస్తాడు?"

"చిప్ప మధ్యలో. అందరూ అక్కడే కొలుస్తారు."

"సరే, అక్కడే కొలువు. ఎంత?"

"నలభై ఐదు."

"నలభై ఐదా! మేలో కన్నా ఎక్కువ. గంటలో మూడున్నర పెంచేశావా? ఏం చేతులమ్మా నీవి!"

"గంటలో అంత పెరగదు."

"మరి?"

"గంటలో పెరిగింది ఒక్కటే."

"ఒక్కటే పెరిగితే పొద్దున్న నలభై నాలుగుండాలి."

"ఉంది."

"పొద్దున్న నలభై ఒకటిన్నరన్నావు."

"రెండు వేళ్ళ కింద. అక్కడ వాపు తెలీదు. జూన్‌లో ఒక వేలు కిందికి దించా. సెప్టెంబరుకి రెండు."

"గోడ మీద రాసినవి?"

"మే తర్వాతవన్నీ అక్కడివే."

"మరిది? ఈ పైన ఉబ్బు, కండన్నావు."

"నీళ్ళు."

"మేలో నలభై నాలుగు."

"ఇవాళ పొద్దున్నా నలభై నాలుగే. ఎప్పుడూ తగ్గలేదు."

"నాకర్థం కావట్లేదు. ఆగు. ఎవరు చెయ్యమన్నారిది?"

"పైఅంతస్తు వాళ్ళే. ఎనిమిది నెలలు తక్కువ చేసి చూపించమన్నారు. ఇవాళ ఒక్కరోజు ఎక్కువ చేసి చూపించమన్నారు."

"తక్కువెందుకు? వాళ్ళకి కావాల్సింది పనికిరాని మోకాలు కదా? తగ్గుతోందని నాకు చెప్తే వాళ్ళకొచ్చేదేంటి? నేను సంతోషంగా ఉంటే వాళ్ళకేంటి? నేను సంతోషంగా ఉంటే... కదలను. ఇక్కడే ఉంటా. ఎక్కడికీ వెళ్ళను."

"కోర్డెల్."

"కొలరాడో వెళ్ళను."

"నాకప్పుడు తెలీదురా. ఒట్టు. కుర్రాడు దిగులు పడుతున్నాడు, తగ్గుతోందని ధైర్యం చెప్పండన్నారంతే. నేనూ మంచిదే కదా అనుకున్నా. నేను నెంబరు చెప్పినప్పుడల్లా నువ్వు పసిపిల్లాడిలా నవ్వేవాడివి. ఆ రూలూ, ఆ ఏడాది గడువూ నాకు తర్వాతెప్పుడో తెలిసింది."

"ఎప్పుడు?"

"సెప్టెంబరులో."

"సెప్టెంబరులో రెండో వేలు పెట్టావు. కోయించుకునుంటే ఇవాళ డాక్టరు చూడడు. మానుతున్న కాలికి తీర్పు లేదు. పద్నాలుగు నెలలు నన్ను అలాగే మొయ్యాలి వాళ్ళు, ఇంకోణ్ణి తెచ్చుకోడానికుండదు. అందుకని నా చేత పెట్టెలెక్కించారు. ఎనిమిది నెలలు నేను పెట్టె ఎక్కుతూ దిగుతూ, నీకు థాంక్స్ చెప్తూ..."

"పదవుతోంది. కారొస్తుంది నాయనా."

"రానీ. ఆ సర్జను నీకూ పంపాడు స్కాన్. నువ్వు చూశావు. నీ చేతికి తెలీనిది ఈ కాల్లో లేదు. ఇప్పుడు కోయించుకుంటే ఆడతానా?"

"ఐస్ తెస్తానుండు."

"ఇప్పుడు కోయించుకుంటే, మిస్ బీ?"

"లోపలంతా అరిగిపోయింది. ఇప్పుడు కోయడానికేం లేదు."

"మేలో కోయించుకునుంటే?"

"గిన్నె నిండా తెస్తా. నొప్పి తగ్గుద్ది. కాలు కిందకి దింపకు."

"సరే, తే. పెట్టు. మా అమ్మాయి చెప్పనే చెప్పింది, మా నాన్న పని ఇదేనని. ఏం, వెళ్ళవేం? తలుపు దగ్గర నిలబడిపోయావేం? అడగన్లే ఇంక. నాలుగు నిమిషాలైనా ఆడేవాణ్ణేమో అని, అంతే. ఊరికే అడిగా."

"నాలుగు నిమిషాలు కాదురా. వచ్చే అక్టోబరుకి, మొదటి ఆట నించీ, మొత్తం ఆడేవాడివి."